అండర్ బ్రిడ్జి డబ్బు ఎక్కడ ఆగింది? ఒక ఆర్టీఐ కేసు, మొదటి నుంచి

హైదరాబాద్ ఉత్తర శివారులో ఒక రైలు గేటు ఉంది. గేటు పక్కన పట్టాల కింద అండర్ బ్రిడ్జి కోసం కట్టిన కాంక్రీటు బాక్సు కూర్చుని ఉంది. పైన రైళ్లు నెమ్మదిగా నడుస్తుండగానే జాకీలతో కొంచెం కొంచెంగా నెట్టి లోపలికి దింపిన బాక్సు. అది పూర్తయ్యి అప్పటికే రెండు వానాకాలాలు దాటాయి. అటు రోడ్డు లేదు, ఇటు రోడ్డు లేదు. 2024 జనవరిలో, అంటే వానలు పోయి మూడు నెలలయ్యాక వెళ్తే కూడా లోపల మోకాలి లోతు నీళ్లున్నాయి. గోడ మీద పాత నీటి చార నా ఛాతీ ఎత్తున ఉంది. పైన గేటు పడి ఉంది. రెండు స్కూలు ఆటోలు, ఒక అంబులెన్సు, పాల డబ్బాలు కట్టుకున్న బైకులు వరుసగా ఆగి ఉన్నాయి.

నన్ను అక్కడికి తీసుకెళ్లింది కాలనీ సంఘం కార్యదర్శి. రిటైరైన టీచరమ్మ. బాక్సు వైపు చూపించి ఒక్కటే అడిగారు. "సార్, అందరూ పైసలు లేవంటున్నరు. మరి ఇంతవరకు కట్టింది ఎవరి పైసలతోని?"

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి నాకు దాదాపు రెండేళ్లు పట్టింది. నేను ప్రభుత్వ అకౌంట్స్‌లో 19 ఏళ్లు పనిచేసి బయటికొచ్చాను. పదకొండేళ్లుగా సహ చట్టం, అంటే సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) కింద దరఖాస్తులు రాయడమే నా పని, అందులోనూ ఎక్కువగా డబ్బు లెక్కలవే. కేసులో ఒక భాగం ఇంకా సమాచార కమిషన్ ముందు ఉంది. అందుకే గేటు పేరు గానీ, ఆఫీసుల పేర్లు గానీ రాయడం లేదు. ఏం అడిగాం, ఏం తప్పు చేశాం, ఎక్కడ దారి దొరికింది అన్నది మాత్రం దాచకుండా రాస్తున్నాను.

వాటాల పని అంటే

లెవెల్ క్రాసింగ్ మీద రోజంతా ఎన్ని రైళ్లు పోతాయో, ఎన్ని బళ్లు పోతాయో లెక్కగట్టి ఒకదానితో ఒకటి గుణిస్తారు. దాన్ని టీవీయూ అంటారు. అది లక్ష దాటితే పైవంతెన గానీ కింది వంతెన గానీ కట్టడానికి రైల్వే, రాష్ట్రం చెరిసగం ఖర్చు పెట్టుకునే పద్ధతి చాలాకాలంగా ఉంది. మామూలుగా పట్టాల కింది భాగం రైల్వే కడుతుంది. అటూ ఇటూ దిగే రోడ్లు, అంటే అప్రోచ్‌లు, రాష్ట్రం వైపు నుంచి కట్టాలి. మన బాక్సు రైల్వే కట్టిన భాగం. అప్రోచ్‌ల పని రాష్ట్ర ప్రభుత్వ కంపెనీ ఒకదానికి అప్పగించారు.

వాటాల మీద నడిచే రైలు పనులు ఈ నగరానికి కొత్త కావు. 2003లో మొదలైన ఎంఎంటీఎస్, అంటే నగర లోకల్ రైళ్ల మొదటి దశ చెరిసగం. 2012-13లో మంజూరైన రెండో దశ అంచనా దాదాపు 817 కోట్లు. అందులో మూడింట రెండు వంతులు రాష్ట్రం, ఒక వంతు రైల్వే పెట్టుకోవాలి. మేడ్చల్ వైపు రైళ్లు 2023 ఏప్రిల్‌లో నడిచాయి. సనత్‌నగర్–మౌలాలి మీదుగా ఘట్‌కేసర్–లింగంపల్లి రైలు 2024 మార్చిలో గానీ కదల్లేదు. ఆ మధ్య ఏళ్లలో వాటా రాలేదని ఒకరు, పని కాలేదని మరొకరు అన్న మాటలు పేపర్లు చదివే ప్రతి ఒక్కరికీ తెలుసు. వాటాల పనిలో ఉన్న చిక్కే అది. ఎవరిని అడిగినా చెయ్యి అవతలివాళ్ల వైపు చూపిస్తారు. ఆ మాటలో అబద్ధం కూడా ఉండదు. సగం నిజం ఉంటుంది. మిగతా సగం రెండు ఆఫీసుల మధ్య నడిచే ఉత్తరాల్లో ఉంటుంది. నేను పట్టుకోవాల్సింది ఆ ఉత్తరాలనే.

మొదటి దరఖాస్తు ఎందుకు పోయింది

నేను రాకముందే, 2023 అక్టోబరులో సంఘం వాళ్లు సొంతంగా ఒక దరఖాస్తు పెట్టారు. పద్నాలుగు ప్రశ్నలు. "పని ఎందుకు ఆలస్యమైంది? దీనికి బాధ్యులెవరు? ఎప్పటికి పూర్తి చేస్తారు? ప్రజల ఇబ్బంది మీకు కనిపించడం లేదా?" నెల తిరక్కముందే జవాబొచ్చింది. మీరడిగినవి సమాచారం నిర్వచనంలోకి రావు అని, ఒకటే వాక్యం.

వాళ్లకు చాలా కోపమొచ్చింది. కానీ చట్టం ప్రకారం ఆ జవాబులో తప్పు లేదు. ఆఫీసులో కాగితం రూపంలోనో, కంప్యూటర్లోనో ఉన్నదే సమాచారం. కారణాలు తయారుచేసి చెప్పమని, అభిప్రాయం ఇవ్వమని అధికారిని అడగలేం. 2010లో సుప్రీంకోర్టు తేల్చిన ఖానాపురం గండయ్య కేసు మన దగ్గరి నుంచి వెళ్లిందే. ఒక నిర్ణయం ఎందుకు తీసుకున్నారని సహ చట్టం కింద ప్రశ్నించడం కుదరదని అందులో చెప్పారు. 2011లో సీబీఎస్‌ఈ కేసులోనూ అదే దారిలో, లేని సమాచారాన్ని తయారుచేసి ఇవ్వాల్సిన పని లేదన్నారు.

కాబట్టి "ఎందుకు" అన్న మాట మా దరఖాస్తుల్లోంచి పూర్తిగా తీసేశాం. ఆ ప్రశ్నకు జవాబు ఫైల్లోనే ఉంటుంది. మనం ఫైలు అడగాలి.

బడ్జెట్ పుస్తకంలో చుక్కలు

దరఖాస్తు రాసే ముందు వారం రోజులు పుస్తకాలు చదివాను. రైల్వే వైపు పింక్ బుక్ ఉంటుంది. 2017-18 నుంచి రైల్వే బడ్జెట్ సాధారణ బడ్జెట్‌లో కలిసిపోయినా, ఏ జోన్‌లో ఏ పనికి ఎంత ఇచ్చారో చెప్పే ఆ పుస్తకం మాత్రం వస్తూనే ఉంది. అందులో పని పేరు, అంచనా వ్యయం, ఇప్పటిదాకా ఖర్చు, ఈ ఏడాది కేటాయింపు వరుసగా ఉంటాయి. ఖర్చు కాలమ్ అంచనాకు దగ్గరగా ఉండి కేటాయింపు నామమాత్రంగా ఉందంటే, రైల్వే తన వైపు పని దాదాపు ముగించిందని అర్థం. మన బాక్సు సంగతి అదే.

రాష్ట్ర బడ్జెట్ పుస్తకం చదవడానికి కొంచెం ఓపిక కావాలి. ఒకే పద్దుకు నాలుగు అంకెలు ఉంటాయి. రెండేళ్ల కిందటి అసలు ఖర్చు, నిరుటి అంచనా, నిరుటి సవరించిన అంచనా, ఈ ఏటి అంచనా. అసెంబ్లీలో చదివేది, మర్నాడు పేపర్లో వచ్చేది నాలుగోది. నేను ఎప్పుడూ ముందు చూసేది మొదటిది. మన పద్దులో అంచనా కాలమ్‌లో అంకె ఉంది. సవరించిన దాంట్లో అది సగానికి పడిపోయింది. అసలు ఖర్చు ఉండాల్సిన చోట మూడు చుక్కలు ఉన్నాయి. ప్రభుత్వ లెక్కల్లో చుక్కలంటే సున్నా.

టీచరమ్మ దగ్గర పెట్టి ఆ పేజీ చూపించాను. ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని ఆ చుక్కల మీద వేలు పెట్టి చాలాసేపు చూశారు.

ఏం అడిగాం

2024 ఫిబ్రవరిలో మూడు ఆఫీసులకు మూడు దరఖాస్తులు పెట్టాం. ఒక్కోదానికి పది రూపాయల ఫీజు. ఒక్కోదాంట్లో నాలుగైదు అంశాలే. కంపెనీకి పెట్టిన దాంట్లో డబ్బుకు సంబంధించినవి ఇవి: రాష్ట్ర వాటా మొదటి విడత అందిన తేదీ తెలిపే కాగితం నకలు, ఆ విడత ఖర్చుకు పంపిన యూసీ, అంటే వినియోగ ధ్రువపత్రం నకలు, రెండో విడత కోరుతూ రాసిన ఉత్తరాల నకళ్లు, ఆ ఫైలును నోట్ షీట్లతో, అంటే ఆఫీసులో ఒకరి తర్వాత ఒకరు తమ మాట రాసే కాగితాలతో సహా మొత్తం చూసుకునే అవకాశం.

నాలుగోదే ముఖ్యం. ఫైలు తనిఖీ చట్టం ఇచ్చిన హక్కు. నకళ్లు అడిగితే వాళ్లు వెతికిచ్చినవే మన చేతికొస్తాయి. ఫైలు చూస్తే అడగాలని మనకు తట్టనివి కూడా కనపడతాయి.

మొదటి ఆఫీసు దరఖాస్తును 6(3) కింద రెండో దానికి బదిలీ చేసింది. రెండోది తిరిగి మొదటిదానికి పంపింది. కంపెనీ మాత్రం 8(1)(డి) అంది. వాణిజ్య రహస్యమట.

ఏప్రిల్‌లో మొదటి అప్పీలు వేశాను. ఇది పోటీ వ్యాపారం కాదు. ప్రజల డబ్బుతో, ప్రజల రోడ్డు మీద, ప్రభుత్వ కంపెనీ చేస్తున్న పని. డబ్బు వచ్చిన తేదీలో వాణిజ్యం ఏముంది? రైలు పనుల్లో రహస్యం మనకెంత ఖరీదైనదో హైదరాబాద్‌కు గుర్తుండాలి. 2008లో మెట్రో టెండరు గెలిచిన మేటాస్ బృందం ప్రభుత్వం నుంచి సాయం అడగకపోగా ఎదురు 30,311 కోట్లు ఇస్తామంది. ఆ లెక్క మీద అప్పటి ఢిల్లీ మెట్రో అధిపతి ఈ. శ్రీధరన్ ప్రణాళికా సంఘానికి ఉత్తరం రాసి అనుమానాలు లేవనెత్తారు. మరుసటి ఏడాది ఆ ఒప్పందం రద్దయింది. 2010లో మళ్లీ టెండరు పిలిస్తే ఎల్ అండ్ టీకి దక్కింది. ఈసారి గెలిచిన టెండరే 1,458 కోట్ల సాయం అడిగింది. రెండేళ్లలో ఎదురు ఇస్తామన్న చోటి నుంచి ఇవ్వండి అన్న చోటికి వచ్చాం. 2025 సెప్టెంబరులో రాష్ట్రం మెట్రోను తన చేతుల్లోకి తీసుకోవడానికి ఒప్పుకుంది. దాంతోపాటు సుమారు 13,000 కోట్ల అప్పు కూడా తీసుకుంటామంది. రైలు పనుల్లో ఇవాళ కంపెనీ రహస్యం అనుకున్నది రేపు మన నెత్తిన అప్పు కావచ్చు.

మే నెలాఖరులో అప్పీలు అధికారి సగం ఒప్పుకున్నారు. డబ్బు ఫైలు చూసుకోవచ్చు.

ఫైలు చూసిన రోజు

జూన్‌లో ఒక మంగళవారం. మూడో అంతస్తులో చిన్న గది. టేబుల్ మీద ఫైలు పెట్టి, ఎదురుగా ఒక సూపరింటెండెంట్ కూర్చున్నారు. ఫోన్‌తో ఫోటోలు వద్దన్నారు. సరే అని నోటుబుక్కు తీశాను. మొదటి గంటకు ఫీజు లేదు.

ఫైలు రెండు భాగాలుగా ఉంటుంది. ఎడమ వైపు ఆకుపచ్చ నోట్ షీట్లు, కుడి వైపు ఉత్తర ప్రత్యుత్తరాలు, రెండింటినీ కలిపి ట్యాగ్ కట్టి ఉంటుంది. నేను ఎప్పుడూ నోట్ షీట్లను చివరి నుంచి వెనక్కి చదువుతాను. చివరి పేరా మీద తేదీ లేదు. దాని ముందుది రెండు మాటలే, పచ్చ ఇంకులో: "దయచేసి చర్చించండి." దాని ముందు పేరా 2023 జులై 19 నాటిది. అసిస్టెంట్ ఎవరో చక్కగా రాశారు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెప్తున్నాను. మొదటి విడత మొత్తం ఖర్చయింది. యూసీ ముసాయిదా సంతకానికి పెట్టాం. ఆర్థిక విభాగం అధిపతి పోస్టు 2023 జూన్ 30 నుంచి ఖాళీగా ఉంది. అదనపు బాధ్యతలు చూస్తున్న అధికారికి రోజువారీ చెల్లింపుల వరకే అధికారాలు ఇచ్చారు. ఇంత మొత్తానికి యూసీ మీద సంతకం చేసే అధికారం ఎవరికుందో స్పష్టత ఇవ్వగలరు.

స్పష్టత ఇచ్చిన కాగితం ఫైల్లో లేదు. కుడి వైపు యూసీ ముసాయిదా ఉంది. అంకెలు నింపి ఉన్నాయి. సంతకం చోట ఖాళీ. పదకొండు నెలలు అలా ఉన్నందుకు ట్యాగ్ దగ్గర కాగితం పసుపెక్కింది.

నేను ఆ పేరాను అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాను. సూపరింటెండెంట్ గారు చూస్తూ ఊరుకున్నారు. లేచేటప్పుడు మాత్రం మెల్లగా అన్నారు. "ఆ పేరా రాసింది నేనే సార్."

ఇంతకన్నా సూటిగా నాకెప్పుడూ జవాబు దొరకలేదు. మొదటి విడత లెక్క చెప్తూ యూసీ పంపితే గానీ రెండో విడత అడగడానికి లేదు. అడగందే ఇవ్వరు. "అడిగితే ఇస్తాం" అన్నవాళ్లు నిజమే చెప్పారు. "పైసలు రాలేదు" అన్నవాళ్లూ నిజమే చెప్పారు. మధ్యలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది.

కుర్చీ సంగతి

ఇక్కడి నుంచి ఇది డబ్బు కేసు మాత్రమే కాదు, నియామకం కేసు కూడా.

ఆ అదనపు బాధ్యతల అధికారిని నేను తప్పు పట్టను. అధికారం లేని చోట సంతకం పెడితే అది ఆడిట్ అభ్యంతరమై, రిటైరయ్యే రోజు పెన్షన్‌కు అడ్డం పడుతుంది. అకౌంట్స్‌లో పనిచేసినవాళ్లకు ఆ టెన్షన్ ఏమిటో తెలుసు. ప్రశ్న ఆ కుర్చీని ఖాళీగా ఉంచినవాళ్లకు వెయ్యాలి. ప్రభుత్వ ఉద్యోగి పుట్టిన తేదీ సర్వీసు రిజిస్టర్ మొదటి పేజీలోనే ఉంటుంది. ఫలానా నెల ఆఖరి రోజున రిటైరవుతారని ఏళ్ల ముందే లెక్క తేలిపోతుంది. జూన్ 30 ఎవరికీ హఠాత్తుగా వచ్చిపడిన తేదీ కాదు.

నియామకం గురించి అడిగితే ఆఫీసులు 8(1)(జె) తీస్తాయి, వ్యక్తిగత సమాచారమని. 2012లో సుప్రీంకోర్టు తేల్చిన గిరీష్ దేశ్‌పాండే కేసు తర్వాత ఆ తలుపు ఇంకొంచెం మూసుకుంది. 2025 నవంబరులో డేటా రక్షణ చట్టం ద్వారా చేసిన సవరణ అమల్లోకి వచ్చాక, ఆ సెక్షన్‌లోనే ఉన్న ప్రజా ప్రయోజనం మినహాయింపు కూడా పోయింది. ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చనే 8(2) ఇంకా ఉంది, దాన్ని పట్టుకుని వాదించాలి. అందుకే నేను మనిషి గురించి అడగను, కుర్చీ గురించి అడుగుతాను. పోస్టు ఎప్పుడు ఖాళీ అయింది, భర్తీ ప్రతిపాదన ఏ తేదీన పోయింది, ఎంపిక కమిటీ ఎప్పుడు కూర్చుంది, అదనపు బాధ్యతల ఉత్తర్వులో ఏ అధికారాలు ఇచ్చారు. పేర్లు కొట్టేసి ఇచ్చినా నాకు అభ్యంతరం లేదు.

ఇవ్వనన్నారు. అప్పీలు అధికారి కూడా ఈ ముక్క దగ్గర ఒప్పుకోలేదు.

వేరే దారి ఉంది. మామూలుగా కంపెనీల్లో డైరెక్టరు గానీ సీఎఫ్‌ఓ, అంటే ఆర్థిక విభాగం అధిపతి గానీ మారితే 30 రోజుల్లో కంపెనీల రిజిస్ట్రార్‌కు డీఐఆర్-12 ఫారం పెట్టాలి. కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో కొద్దిపాటి ఫీజు కడితే ఎవరైనా చూడొచ్చు. అరగంటలో దొరికింది. 2023 జూన్ 30న ఒకరు దిగారు. ఆ తర్వాత ఎవరూ ఎక్కలేదు. నిర్ణీత పరిమాణం దాటిన పబ్లిక్ కంపెనీల్లో ఇలాంటి పోస్టు ఖాళీ అయితే 6 నెలల్లో బోర్డు నింపాలని కంపెనీల చట్టం 203వ సెక్షన్ చెప్తుంది. ప్రభుత్వ కంపెనీల ఎండీకి 2015లో మినహాయింపు ఇచ్చారు గానీ, సీఎఫ్‌ఓకు అది వర్తించదు. సహ చట్టం కింద వ్యక్తిగతం అన్నది రిజిస్ట్రార్ దగ్గర బహిరంగ పత్రం.

ఈ రెండూ, అంటే నోట్ షీట్‌లోంచి రాసుకున్న పేరా, డీఐఆర్-12 ప్రింటు, జత చేసి సంఘం తరఫున ఒక వినతిపత్రం తయారుచేశాం. కంపెనీ బోర్డులో ఉన్న ప్రతి సభ్యుడికీ, స్థానిక ఎమ్మెల్యేకీ ఇచ్చాం. అందులో ఆరోపణ ఒక్కటీ లేదు. తేదీలు మాత్రమే ఉన్నాయి. 2024 జులై చివర్లో బోర్డు ఒక పేజీ తీర్మానం చేసి, అదనపు బాధ్యతల అధికారికి యూసీల మీద సంతకం చేసే అధికారం ఇచ్చింది. ఒక పేజీ. మొదటి రోజే చేసి ఉండొచ్చు. వారంలో యూసీ వెళ్లింది.

నేను చేసిన తప్పు

సెప్టెంబరులో రెండో విడతకు బీఆర్‌ఓ, అంటే బడ్జెట్ విడుదల ఉత్తర్వు వచ్చింది. నకలు చేతికి రాగానే టీచరమ్మకు ఫోన్ చేసి "డబ్బు వచ్చేసిందమ్మా" అన్నాను. రెండు రోజుల్లో గేటు దగ్గర ధన్యవాదాల ఫ్లెక్సీ కట్టేశారు.

అకౌంట్స్‌లో అన్నేళ్లు చేసిన నేను ఆ మాట అనకూడదు. బీఆర్‌ఓ అంటే ఖర్చు పెట్టుకోవచ్చన్న అనుమతి మాత్రమే. ఆ తర్వాత శాఖ పరిపాలనా మంజూరు ఇవ్వాలి, బిల్లు పే అండ్ అకౌంట్స్ ఆఫీసుకు వెళ్లాలి, టోకెన్ నంబరు పడాలి, ఆ టోకెన్ వరుసలో ఆర్థిక శాఖ అనుమతి దాకా ఆగాలి. అప్పుడు గానీ ఖాతాలో డబ్బు పడదు. మార్చి 31 దాటితే ఆ ఏటి కేటాయింపే లాప్స్ అయిపోతుంది. నెలలు గడిచాయి. ఫ్లెక్సీ ఎండకు వెలిసింది. డిసెంబరులో గేటు దగ్గర పాలు పోసే ఆయన నన్ను ఆపాడు. "పైసలొచ్చినయన్నరు గదా సార్, మరి పని ఎందుకు షురూ కాలే?"

ఆయనకు నిలబడి మొత్తం వివరించాను. అప్పటి నుంచి మా దరఖాస్తుల్లో బీఆర్‌ఓ ఒక్కటే అడగం. టోకెన్ నంబరు, తేదీ, ఖాతాలో జమైన తేదీ, మూడూ విడివిడిగా అడుగుతాం. ఈ పని చేసే కొత్తవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే.

డబ్బు 2025 ఫిబ్రవరిలో, కొంత భాగమే జమైంది. దానికి నెల ముందే ఆర్థిక విభాగానికి పూర్తికాలం అధికారి వచ్చారని డీఐఆర్-12లో చూశాను. ఖాళీ అయిన రోజు నుంచి లెక్కేస్తే 18 నెలలు దాటింది.

కమిషన్‌లోనూ ఖాళీ కుర్చీలే

నియామకం కాగితాల కోసం 2024 ఆగస్టులో కమిషన్‌కు రెండో అప్పీలు వేశాను. అప్పుడు తెలంగాణ సమాచార కమిషన్‌లో ఒక్క కమిషనరు కూడా లేరు. 2023 ఫిబ్రవరి నుంచి లేరు. ఒక ఖాళీ పోస్టు గురించి అడగడానికి వెళ్తే అక్కడ అన్ని పోస్టులూ ఖాళీ. అప్పీలు తీసుకుని నంబరు వేసి పక్కన పెట్టారు. అంతకు మించి ఎవరూ చెయ్యగలిగింది లేదు.

కమిషనర్లను గవర్నరు నియమిస్తారు. పేర్లు సూచించేది ముఖ్యమంత్రి, ప్రతిపక్ష నేత, ఒక మంత్రి ఉన్న ముగ్గురి కమిటీ. ఖాళీ వచ్చే నెల, రెండు నెలల ముందే భర్తీ మొదలుపెట్టాలని సుప్రీంకోర్టు 2019లో అంజలి భరద్వాజ్ కేసులో చెప్పింది. ఇక్కడ ఖాళీ వచ్చాక రెండేళ్లు దాటింది. రెండు ప్రభుత్వాల కాలంలో అలాగే ఉంది. 2025 మేలో ప్రధాన సమాచార కమిషనరుగా జి. చంద్రశేఖర్ రెడ్డి వచ్చారు. ఆ మధ్య కాలంలో సమాచారం ఇవ్వనన్న ఏ అధికారికీ, రోజుకు 250 చొప్పున 25,000 దాకా పడే జరిమానా భయం లేదు. మా కంపెనీ అంత ధైర్యంగా ఇవ్వనని రాయడానికి అది కూడా ఒక కారణమని నేను గట్టిగా నమ్ముతాను. మనుషులు లేకుండా చట్టం ఏం చేస్తుంది? రైలు డబ్బు గురించి మాట్లాడేవాళ్లు ఈ కుర్చీల గురించి కూడా అంతే గట్టిగా మాట్లాడాలి. నాకు ఇందులో రెండో అభిప్రాయం లేదు.

మా అప్పీలు ఒకసారి విచారణకొచ్చింది. సవరణ తర్వాత కుదరదని కంపెనీ తరఫున వాదించారు. దరఖాస్తు 2024ది, సవరణ 2025ది, పైగా మేం అడిగింది పోస్టు గురించి అని మా వాదన. వాయిదా పడింది.

ఇప్పుడు గేటుకు అటువైపు అప్రోచ్ పూర్తయింది. తారు వేశారు, పక్కన కాలువ కూడా కట్టారు. ఇటువైపు మట్టి తవ్వి ఆపారు, మిగిలిన డబ్బు టోకెన్ వరుసలో ఉంది. ఆ నంబరు టీచరమ్మ డైరీలో రాసి పెట్టుకున్నారు. పోయిన వారం ఇద్దరం కూర్చుని కొత్త దరఖాస్తు రాశాం. ఈసారి దస్తూరి ఆవిడదే. అందులో ఒకటే అంశం:

"ఆర్థిక విభాగం అధిపతి పోస్టు 2023 జూన్ 30న ఖాళీ కానున్నదని తెలియజేస్తూ రాసిన మొదటి కాగితం ఏ తేదీన, ఏ ఆఫీసు నుంచి ఏ ఆఫీసుకు వెళ్లిందో తెలిపి, దాని నకలు ఇవ్వగలరు. అటువంటి కాగితం లేనిచో, లేదని రాతపూర్వకంగా తెలియజేయగలరు."